లారీకి పలుపు

మురుగేశ అనే మనిషి మదనపల్లెలో మా ఇంటికి వచ్చిన పూట నేను మిద్దె మీద చింతపండు ఆరబెట్టి కాకులతో గొడవపడుతున్నాను. కింద నుంచి "నర్సమ్మా" అని పిలుపు వినిపించింది. ఉద్యోగం నుంచి దిగిపోయి ఇన్నేళ్ళయినా ఈ వీధిలో నా పేరు అదే కాబట్టి, ఎవరికో జ్వరమనుకొని దిగివచ్చాను. గడప బయట మీసాలు నెరిసిన మనిషి హెల్మెట్ చంకలో పెట్టుకొని నిలబడి ఉన్నాడు. "అమ్మా, మీ తావ మా బండి కార్బేటరు ఉండాదంట గదా. ఒగసారి ఇప్పిస్తారా?" అన్నాడు. పాత ఇనుము కొనేవాడేమో అనుకున్నాను. "అట్లాటివి మా ఇంట్లో యాడుంటాయప్పా, ఎవురో తప్పు జెప్పినట్టుండారు" అని లోపలికి తిరగబోయాను. అతను కదల్లేదు. "మాది గుడుపల్లె పక్కన. చెంగప్ప కొడుకునమ్మా" అన్నాడు. నేను అరుగు మీద కూర్చుండిపోయాను.

చెంగప్ప మామ మాకు చుట్టం కాదు. పుంగనూరు సంతలో మా నాయనతో పాటు పశువులు కొనేవాడు, అమ్మేవాడు. తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకునే రోజుల స్నేహం వాళ్ళది. మా లారీని కొన్నది ఆయనే. ఆయన ఇంకా ఉన్నాడా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఉన్నాడు. లారీ కూడా ఉంది, వాళ్ళ ఇంటి పక్కన రేకుల కింద. ఆ స్థలంలో ఇద్దరు కొడుకులూ గది కట్టుకోవాలని చూస్తున్నారు. ముసలాయన మాత్రం, "నా కండ్ల ముందర ఒగసారి సరిగ్గా నడిపించి సూపించండి, ఆమీట పాతినుముకు కోసుకోండి" అని భీష్మించుకున్నాడట. కుప్పం మెకానిక్కు తీగలూ ట్యూబులూ అన్నీ మార్చాడు. అయినా బండి దగ్గి ఆగిపోతోంది. "దీని మింద ఉండేది దీని కార్బేటరు కాదు, దీనిది తెస్తేనే పని" అని అతను తేల్చేశాడు. మురుగేశ ముందు మా తమ్ముడు గంగాధర్ దగ్గరికి పోయాడు. వాడు మజ్జిగ ఇచ్చి, ఆవుల్ని చూపించి, ఆ ఒక్క మాట మాత్రం ఎత్తకుండా సాగనంపాడు.

"మీకెందుకప్పా ఇంత తంటా? పాత ఇనుమే గదా, నడిస్తే ఏమి, నడవకుంటే ఏమి?" అన్నాను. మురుగేశ హెల్మెట్ అరుగు మీద పెట్టి చెప్పాడు. వాళ్ళింట్లో చెడిపోయిన బేరానికి ‘చెంగప్ప లారీ’ అని పేరట. పుచ్చు వంకాయలు తెచ్చినా, ఉతికితే రంగు పోయే చీర తెచ్చినా అదే మాట. కోడళ్ళు అంటారు, ఊరి టీ కొట్టులో కూడా అంటారు. దూడ పళ్ళు చూసి వయసు, నడక చూసి గుణం చెప్పగలిగిన మనిషి ఆ ఒక్క బేరంతో నవ్వులపాలైపోయాడు. "పైకి ఏమీ అనడమ్మా. బండి మంచిదే అంటాడు, అంతే. పోయేలోపల ఆ ఒక్క మాట నిజమని అనిపిస్తే సాలని నాకుండాది. నేను ఈడికొచ్చింది ఆయనకు తెల్దు, తెలిస్తే సంపేస్తాడు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఎందుకంటే మా ఇంట్లో నేను వింటూ పెరిగిన కథ ప్రకారం, మేము ఉంచుకున్నది అరిగిపోయిన కార్బొరేటర్. పనికిరానిదాన్ని తీసుకుపోయి పెడితే లారీ ఎలా నడుస్తుంది?

అది పెట్రోలు లారీ. అప్పటికే డీజిల్ బండ్లు రోడ్లు నిండిపోతున్నా, చవగ్గా వస్తోందని నాయన బెంగళూరు నుంచి తోలుకొచ్చాడు. పెద్దపంజాణి దగ్గర మా ఊళ్ళో దాన్ని నిలబెట్టడానికి వేరే చోటు లేక పశువుల కొట్టం పక్కనే నిలిపారు. నా చిన్నతనపు వాసనేదంటే పేడ, పెట్రోలు, కాగుతున్న పాలు, ఈ మూడూ కలిసినదే. పాలకు ఆ వాసన పట్టుకుంటుందని అమ్మ రోజూ సణిగేది. పొద్దున్నే అవ్వ పాలు పితికి, ఆవుల నుదుటి మీద చెయ్యి వేసినట్టే లారీ ముందు భాగం మీద కూడా ఒకసారి చెయ్యి వేసి పోయేది. నాయన హ్యాండిల్ తిప్పేవాడు. చలికాలంలో అది ఎంతకీ అందుకునేది కాదు. అప్పుడు కార్బొరేటర్ మూత తీసి కొంచెం పెట్రోలు పోయాలి. ఒకనాడు చేతికి ఏమీ దొరకక, మేమంతా పాలు తాగిన వెండి ఉగ్గుగిన్నెతో పోశాడు. బండి వెంటనే అందుకుంది. అవ్వ ఆ రోజంతా తిట్టింది. మర్నాడు చలికి మళ్ళీ మొరాయిస్తే ఆమే గిన్నె తెచ్చి ఇచ్చింది. ఆనాటి నుంచి ఆమె లెక్కలో ఆ లారీ మా ఇంటి దూడ, కార్బొరేటర్ దాని మూతి. మా అవ్వతో వాదించి నెగ్గిన మనిషిని నేను చూడలేదు.

ఆ మూతికే జబ్బు చేసింది. బెల్లం, వేరుశనగ మూటలు వేసుకొని మదనపల్లెకు పోతుంటే మిట్ట ఎక్కేచోట టపటపమని పేలేది, నిలిపితే ఊగిపోయేది, కాలు తీస్తే ఆగిపోయేది. అవ్వ దిష్టి తీసింది, వాము పొగ వేసింది. పెట్రోలు బండి పక్కన పొగేమిటని నాయన చెంబుడు నీళ్ళు కుమ్మరించాడు. చివరికి మదనపల్లెలో ఖాదర్ సాయిబు షెడ్డుకు తోలాడు. ఎడ్లబండి మీద కూర్చున్నంత దర్జాగా నేనూ కూర్చుని పోయాను. సాయిబు మూత విప్పి, లోపల గాలిని మూసి తెరిచే రేకు ఉంటుంది చూడండి, దాని కడ్డీని వేళ్ళతో పట్టుకొని ఆడించాడు. అది వదులైన పన్నులా కదిలింది. "ఈడ అరిగిపోయినాది నారాయణప్పా. సందులోంచి గాలి దూరతాండాది. పెట్రోలు కంటే గాలే ఎక్కువ తాగితే యాడ లాగతాది?" అన్నాడు. దాన్ని ఊడదీసి పక్కన పెట్టి, ఏదో జీపుది చిన్న కార్బొరేటర్ కింద రేకు ముక్క పెట్టి బిగించాడు. "పనికి నడుస్తాది, బరువు లాగదు" అన్నట్టు కూడా గుర్తు. పాతదాన్ని ఏం చేశాడన్నది మాత్రం నాకు గుర్తులేదు. షెడ్డు పక్కన సోడా తాగడం బాగా గుర్తుంది. పిల్లల జ్ఞాపకశక్తి అంతే, కావలసినది వదిలేసి సోడాను పట్టుకుంటుంది.

తర్వాత నాయనకు గవర్నమెంటు ఆఫీసులో డ్రైవరు పని దొరికింది. నెలజీతం మనిషికి లారీ ఎందుకని అమ్మేయాలనుకున్నారు. చెంగప్ప మామ కొనడానికి వచ్చాడు. ఆయన పక్కా పశువుల మనిషి. మా వైపు ఆవును అమ్మితే దాని మెడలో పలుపు ఇవ్వరు. తాడుతో పాటు ఇంటి కలిమి కూడా పోతుందని నమ్మకం. కొనేవాడు తన పలుపు తానే తెచ్చుకుంటాడు, అమ్మేవాడిని అడగడు. అడిగితే సంతలో పరువుండదు. అందుకని చెంగప్ప మామ లారీ కొనడానికి కొత్త పలుపు కొనుక్కొని వచ్చాడు! వచ్చీ రాగానే దాన్ని ముందు బంపరుకు ముడివేసి పసుపు రాశాడు. మా ఇంట్లో ఒక్కరూ నవ్వలేదు. అందరికీ అది సరైన పనిగానే తోచింది. చిక్కంతా మా వైపే వచ్చింది. మేము ఉంచుకోవలసిన పలుపు ఏది? తాళంచెవి ఉంచుకుంటే బండి కదలదు. హ్యాండిల్ ఉంచుకున్నా అంతే. టార్పాలిన్ తాడు ఉంచుకుందామని అమ్మ అంది. అది బండి మెడది కాదు, వీపుదని అవ్వ కొట్టిపారేసింది.

గోనెగుడ్డలో చుట్టిన ఆ పాత కార్బొరేటర్ అప్పుడు అవ్వ కంట్లో పడింది. అది కొట్టం గూట్లో ఉంది. మదనపల్లె నుంచి ఎప్పుడు తిరిగొచ్చిందో, ఎవరు పెట్టారో నాకు తెలియదు. "ఈ అరిగిపోయినదే పలుపు. దీని మూతి మన తావ ఉండాది, ఇంకేమి గావాల" అని గుడ్డతో సహా ఎత్తి, కుంకుమ పెట్టి, పాత ఆవుల తాళ్ళు వేలాడే కొయ్యకు కట్టేసింది. అందరికీ నచ్చింది. కొన్నవాడికి నష్టం లేదు, మాకు ఆచారం దక్కింది. ఈ పని జరుగుతుంటే నాయన ఏం చేశాడన్న దగ్గరే నాకు గందరగోళం. నా కళ్ళ ముందు ఆయన గట్టిగా ఏదో అనబోయి, బంపరుకున్న కొత్త తాడు వైపు చూసి, చేతులు కడుక్కోవడానికి బావి వైపు పోతున్నట్టు కనిపిస్తాడు. అమ్మ బతికున్నన్నాళ్ళూ చెప్పింది వేరు. ఆయన అన్నాడని, అవ్వ అరుపుల్లో ఎవరికీ వినిపించలేదని. తమ్ముడు చెప్పేది ఇంకా వేరు, నాయనే స్వయంగా తెచ్చి అవ్వ చేతికి ఇచ్చాడట. వాడు అప్పటికి ఊయలలో ఉన్నాడు. అయినా అందరికంటే వాడే ఖండితంగా చెబుతాడు.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన ప్రతి మంచికీ ఆ గోనెమూటే కారణమైంది. నాయన ఉద్యోగం పర్మనెంటు కావడం, నాకు నర్సు ట్రైనింగులో సీటు రావడం, తమ్ముడికి వరుసగా పెయ్యదూడలు పుట్టడం, అన్నీ దాని చలవే. పశువుల పండుగ నాడు తాళ్ళతో పాటు దానికీ వేరుశనగ నూనె రాసి బొట్టు పెట్టేవారు. మంత్రసానుల మీద, నాటు మందుల మీద ఊరూరా తిరిగి యుద్ధం చేసిన నర్సును నేను. ఇంటికి పోతే మాత్రం ఆ మూటకు బొట్టు పెట్టకుండా కాఫీ తాగేదాన్ని కాదు. నమ్మి పెట్టానా అంటే నమ్మలేదు. అయినా ఒక్కసారి కూడా మానలేదు.

మురుగేశ పోయిన మర్నాడు తమ్ముడి ఊరికి వెళ్ళాను. వాడు పుంగనూరు ఆవుల్ని మోకాళ్ళ ఎత్తున్న పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటాడు. ఒక ఆవు నెలలు నిండి ఉంది. "దూడ వేసేవరకు ఆగక్కా. ఈ పొద్దు పలుపు గడప దాటితే దానికేమన్నా అయితే?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "అరిగిపోయిన ఇనుములో యాడుందిరా నీ దూడ?" అన్నాను. "అరిగిపోయిందే అయితే వాళ్ళకు యాల?" అని వాడు తిరిగి అడిగాడు. చివరికి వాడే నిచ్చెన వేసుకొని కొయ్య మీది నుంచి దించాడు. "తీసకపో. సూపించి రా. ఇచ్చి మాత్రం రావద్దు" అన్నాడు. తరాల నూనె పట్టి గోనె బంకలాగా ఉంది. నేను దాన్ని కూరగాయల సంచిలో వేసుకున్నాను.

పుంగనూరు నుంచి కుప్పం దాకా బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. మా కాలంలో ఈ దారిలో దుమ్ము రేగితే ముందు కొంగు ముక్కుకు కట్టుకొని, తర్వాత ఏ బండి వస్తోందో చూసేవాళ్ళం. లారీ వస్తే ఊరంతా దాని యజమాని పేరుతో పిలిచేది. ఇప్పుడు టమాటా పెట్టెలతో బండ్లు ఒకదాని వెంట ఒకటి మదనపల్లె వైపు పోతూనే ఉన్నాయి. ఎవరివో ఎవరికీ పట్టదు. బండి చెడితే ఫోను చేస్తారు, పాతది పారేసి కొత్తది బిగిస్తారు, దాని పేరు కూడా అడగరు. ఇది మేలా, అది మేలా అంటే నేను చెప్పలేను. ఇప్పటి బండ్లు మిట్టల మీద ఆగిపోవు, అది మేలే. పక్కనున్నావిడ నా సంచిని వాసన చూసి, "ఏందమ్మా అది, చమురు పారుతాండాది" అని జరిగి కూర్చుంది. ఏమని చెప్పను? మా ఇంటి అదృష్టం కారుతోందని చెప్పనా? దారంతా నాకు ఒకటే గుబులు. ఇది బిగించినా బండి నడవకపోతే చెంగప్ప మామ కళ్ళ ముందే ఆయన మాట అబద్ధమైపోతుంది. ఆ పాపం నా సంచిలోంచే పోతుంది.

చెంగప్ప మామ నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎముకల గూడైపోయాడు గానీ చూపు మాత్రం పశువుల సంతలో చూసినదే. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. "నారాయణప్ప కూతురివి గదా పాపా" అన్నాడు. అరవై దాటాక నన్ను పాపా అన్న మనిషి ఆయనే. సంచి చూడగానే మొహం మారిపోయింది. కొడుకు వైపు తిరిగి, "ఎవుర్రా అడగమన్నది? పలుపు అడుక్కొచ్చినావా నా ఇంటికి? థూ" అన్నాడు. మురుగేశ తల దించుకున్నాడు. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, "ఎవురూ అడగలేదు మామా. మా బండిని సూసుకొని పోదామని నేనే వచ్చినా. పలుపు మా చేతిలోనే ఉంటాది. మీ ఇంటోళ్ళెవురూ ముట్టుకోవాల్సిన పన్లేదు. నేనే కడతా, నేనే ఇప్పుకుంటా" అన్నాను. ఆయన న్యాయం చూసే పెద్దమనిషిలా గడ్డం గోక్కున్నాడు. "అట్లయితే సరే" అన్నాడు.

అలా ఈ వయసులో నేను చీర బిగించి, పానా చేతబట్టి లారీ ముందు ముక్కాలి పీట ఎక్కవలసి వచ్చింది. మెకానిక్కు కుప్పం కుర్రవాడు. అతను వాళ్ళింటివాడు కాదు గనక ముట్టుకోవచ్చునని చెంగప్ప మామ ఒప్పుకున్నాడు, బిగించడం మాత్రం నా పని. ఇంజన్ తుప్పు పట్టలేదేమని నేను ఆశ్చర్యపోయాను. ప్రతి అమావాస్యకూ ముసలాయన చుక్క నూనె వేసి హ్యాండిల్ తిప్పించేవాడట. కుర్రవాడు గోనె విప్పి కార్బొరేటర్‌ను పెట్రోలులో నానబెట్టాడు. అవ్వ రాసిన నూనెలు ఎండి లక్కలాగా గట్టిపడ్డాయి. సన్న రంధ్రాల్లోకి రాగి తీగ పోనిచ్చి ఊదాడు. లోపలి చిన్న పంపు తోలు ముడుచుకుపోతే, పాత చెప్పు తోలు గుండ్రంగా కోసి ఆముదంలో తడిపి వేశాడు. తర్వాత ఆ కడ్డీని పట్టుకొని ఆడించాడు. అది కదల్లేదు. మళ్ళీ ఆడించాడు. వెలుతురులోకి పెట్టి చూశాడు. "అమ్మా, ఇది అరిగిపోయిందని ఎవురన్నారు? లేత్ మీద తిప్పి, కడ్డీ ఆడకుండా కొత్త ఇత్తడి బుష్షులు ఏసినారు. బుష్షు మింద ఒగ గీత గూడా లేదు. రిపేరీ సేసినాక దీన్ని ఒగ దినం గూడా నడిపినట్టు లేదే" అన్నాడు.

వాకిట్లో అందరికీ వినిపించింది. మురుగేశ నన్ను చూశాడు. అతని భార్య నన్ను చూసింది. నేను చెంగప్ప మామను చూడలేకపోయాను. అంటే ఖాదర్ సాయిబు దాన్ని బాగుచేయించే పంపాడు. మేము బాగున్నదాన్ని కొయ్యకు కట్టుకొని, బరువు లాగనిదాన్ని ఆయనకు అంటగట్టాం. బస్సులో ఉన్న భయం ఇప్పుడు తలకిందులైంది. బండి నడవకపోతే ఈయన పిచ్చివాడు, నడిస్తే మేము దొంగలం. పీట ఎక్కి నట్లు బిగించాను. నడవాలని కోరుకుంటున్నానో, నడవకూడదని కోరుకుంటున్నానో నిజంగా నాకే తెలియలేదు. అవ్వ మీద, నాయన మీద, గోనెమూటకు బొట్లు పెట్టిన నా మీద కూడా ఒళ్ళు మండింది.

మురుగేశ తమ్ముడు హ్యాండిల్ తిప్పాడు. కుర్రవాడు సీసాతో పెట్రోలు పోశాడు. రెండోమాటు తిప్పగానే బండి అందుకుంది. దగ్గలేదు, ఊగలేదు. రేకులు అదిరి, పైనున్న కోళ్ళు కిందికి దూకాయి. కుర్రవాడు ఒక స్క్రూను ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పేసరికి మోత తగ్గి, కాగులో పాలు ఉడికినట్టు ఒకే తీరుగా నడవసాగింది. మురుగేశ ఎక్కి వాకిలి నుంచి రోడ్డు మీదికి, అక్కడి నుంచి ఎదురుగా ఉన్న మిట్ట మీదికి తోలాడు. వెనక రాళ్ళు కూడా వేసుకున్నాడు. ఎక్కడా తడబడకుండా ఎక్కి, తిరిగి వచ్చింది. చెంగప్ప మామ కర్ర ఊతంతో లేచి, బండి ముందుకు పోయి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. చిన్న కోడలిని పిలిచాడు. "ఏమ్మా, చెంగప్ప లారీ అంటాంటివే, ఇదే అది" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నాకూ ఏడుపొచ్చింది. అది సంతోషమో, సిగ్గో విడదీయడం నా వల్ల కాలేదు.

"ఇంక ఆపు" అన్నాడు చెంగప్ప మామ. బండి ఆగింది. మురుగేశ దిగివచ్చి, "నాయనా, ఇంత బాగా నడస్తాంటే కొయ్యడం యాల? గది ఇంగో తావ కట్టుకుందాంలే" అన్నాడు. "మాటంటే మాట. కోసుకో. పాపా, నీ పలుపు ఇప్పుకో" అన్నాడాయన. ఉండనీ మామా, మీకే ఇచ్చేస్తానన్నాను. కర్ర నేలకేసి కొట్టాడు. "ఒగరి పలుపు ఉంచుకునేటంత పాడు బతుకు నాకు రాలేదు" అన్నాడు. అది కాలిపోతోంది, చల్లారే వరకు ఆగాలి. కోడలు కాఫీ తెచ్చింది. మంచం పట్టె మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఇక దాచుకోలేక అడిగేశాను. "మామా, మిమ్మల్ని మేము మోసం జేసినామా?"

"మోసమా?" అని నవ్వాడు. "కొన్న వారంలోనే ఖాదర్ సాయిబు నాకు సెప్పినాడు గదా, మంచిది వాళ్ళింట్లో ఉండాది, పోయి తెచ్చుకో అని. అవ్వ బొట్టు పెట్టి కట్టినాక అది కార్బేటరు గాదు పాపా, పలుపు. ఎట్ల అడిగేది? మీ అవ్వ అరిగిపోయిందనే కట్టింది, ఆమెకేమి తెలుసు." కాఫీ గ్లాసు కింద పెట్టాను. "మరి మా నాయనకు తెలుసునా?" అన్నాను. చెంగప్ప మామ చెయ్యి చాచి కార్బొరేటర్ వేడి చూడబోయి, ముట్టుకోకూడదని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. "బతికినన్నాళ్ళూ, సంతలో కనబడిన ప్రతిసారీ, నా ఎద్దుల్ని అడగడు, నా పిల్లోళ్ళని అడగడు. బండి ఎట్లుండాది చెంగప్పా అనే అడిగేవాడు. తెలియనోడు అన్నిసార్లు అడగతాడా? ఉండాది లేప్పా అంటాంటి. ఒగసారి నాది నాకియ్యి అంటానేమోనని సూసేవాడు పాపం. నేనంటానా!"

నేను పీట ఎక్కి నట్లు విప్పాను. ఒకటి ఇంకా వేడిగానే ఉంది, వేలు కాలింది. దాన్ని సంచిలో వేసుకొని చెంగప్ప మామ కాళ్ళకు దండం పెట్టి, కుప్పంలో బస్సెక్కాను. తమ్ముడు ఫోను చేసి, "తెచ్చినావా?" అని అడిగాడు. తెచ్చానన్నాను. "నడిచిందా?" అని మాత్రం వాడు అడగలేదు, నేనూ చెప్పలేదు. బస్సు పుంగనూరు చేరుతుంటే గుర్తొచ్చింది, ఉద్యోగంలో చేరాక కూడా సంతకు పోయిన నాడు మా నాయన ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అమ్మ సంగటి వడ్డిస్తే సగం తిని లేచిపోయేవాడు. బేరం కుదరలేదేమోనని మేమెవరమూ పలకరించేవాళ్ళం కాదు.